మెటాలికా మళ్లీ ఫామ్‌లోకి వచ్చిన వేళ

ముందే ఒక నిజం ఒప్పేసుకుంటాను. మెటాలికా పాటలు నేను మొదట విన్నది కొనుక్కుని కాదు. బెంగళూరులో ఉద్యోగం చేసే మా పెద్దనాన్నగారబ్బాయి హార్డ్ డిస్కులో వేసి ఇచ్చాడు. 2011 అక్టోబర్ 30న వాళ్లు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయిస్తే చూసొచ్చి, రెండ్రోజులు గొంతు లేకుండా తిరిగిన మనిషి మా అన్నయ్య. నేనప్పుడు స్కూల్లో ఉన్నా. ఆ ఫోల్డర్లో నేను మొదట నొక్కింది 2008లో వచ్చిన 'డెత్ మాగ్నెటిక్'. తర్వాత వెనక్కెళ్లి మిగతావన్నీ విన్నాక గానీ తెలియలేదు, అదెంత లోతు గోతిలోంచి పైకొచ్చాక చేసిన ఆల్బమో!

సరే, అసలు కథలోకి వద్దాం. 1981లో లాస్ ఏంజెలెస్‌లో లార్స్ ఉల్రిక్ అనే డెన్మార్క్ కుర్రాడు, జేమ్స్ హెట్‌ఫీల్డ్ కలిసి ఈ బ్యాండ్ మొదలెట్టారు. 1982లో చేసిన డెమో క్యాసెట్‌ని అభిమానులే కాపీలు తీసి, ఒకరికొకరు పోస్టులో పంపుకుని ఊళ్లు దాటించారు. మొదటి ఆల్బమ్ రాకముందే పేరు వచ్చేసింది. 1986లో 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' వచ్చింది. అదే ఏడు సెప్టెంబర్లో స్వీడన్‌లో వాళ్ల బస్సు బోల్తాపడి, బేస్ గిటార్ వాయించే క్లిఫ్ బర్టన్ చనిపోయాడు. 24 ఏళ్లు అతనికి. అయినా ఆగలేదు. 1991లో వచ్చిన, అందరూ బ్లాక్ ఆల్బమ్ అని పిలిచే ఆల్బమ్ ఒక్క అమెరికాలోనే కోటిన్నరకి పైగా అమ్ముడైంది.

ఆ తర్వాతే జారుడు మొదలైంది. 2000 ఏప్రిల్లో నాప్‌స్టర్ మీద కేసు వేశారు. మే నెలలో లార్స్ మూడు లక్షలకి పైగా యూజర్ల చిట్టా పట్టుకెళ్లి నాప్‌స్టర్ ఆఫీసులో ఇచ్చాడు, ఆ ఖాతాలు ఆపేయమని. న్యాయం వాళ్ల వైపే ఉందనుకుందాం. కానీ క్యాసెట్ కాపీల పుణ్యమా అని ఎదిగిన బ్యాండ్, కాపీ చేసిన అభిమానుల లిస్టు తయారు చేయడం చాలామందికి మింగుడు పడలేదు. మా ఇంట్లో అప్పుడు ఇంటర్నెట్ లేదు కాబట్టి సరిపోయింది. లేకపోతే అన్నయ్య పేరు కూడా ఆ చిట్టాలో ఉండేదే :)

2001 జనవరిలో బేస్ వాయించే జేసన్ న్యూస్టెడ్ వెళ్లిపోయాడు. జూలైలో జేమ్స్ తాగుడు మాన్పించే చికిత్సకి చేరాడు. ఇంత గొడవ మధ్య 2003లో 'సెయింట్ ఆంగర్' వచ్చింది. లార్స్ స్నేర్ డ్రమ్ కింద ఉండే తీగల్ని దించేసి వాయించాడు. వింటే ఎవరో స్టీలు బిందె మీద గరిటెతో కొడుతున్నట్టుంటుంది. కిర్క్ హామెట్ లాంటి గిటారిస్టుని పెట్టుకుని ఆల్బమ్ మొత్తంలో ఒక్క సోలో లేదు! 2004లో సిడ్నీలో సచిన్ కవర్ డ్రైవ్ మానేసి 241 నాటౌట్ కొట్టాడు. వీళ్లు సోలోలు మానేసి, నా లెక్కలో, డకౌట్ అయ్యారు.

తర్వాతి ఆల్బమ్‌కి ప్రొడ్యూసర్‌ని మార్చారు. 1991 నుంచీ ఉన్న బాబ్ రాక్ స్థానంలో రిక్ రూబిన్ వచ్చాడు. ఆయన సలహా చాలా సింపుల్: పాత పాటల్ని మళ్లీ చేయకండి, ఆ పాటలు చేసిన రోజుల్లో ఎలా ఆలోచించేవాళ్లో అది గుర్తు తెచ్చుకోండి. మన భాషలో చెప్పాలంటే, పాత కోడ్ కాపీ పేస్ట్ చేయొద్దు, అది ఎందుకలా రాశారో అర్థం చేసుకోండి.

2008 సెప్టెంబర్ 12న 'డెత్ మాగ్నెటిక్' వచ్చింది. పది పాటలు, దాదాపు 75 నిమిషాలు. సోలోలు తిరిగొచ్చాయి. పాట మధ్యలో వేగం మారడం తిరిగొచ్చింది. 1988 తర్వాత మొదటిసారి స్టూడియో ఆల్బమ్‌లో మాటల్లేని పాట, పది నిమిషాలకి కొంచెం తక్కువ. అన్నీ గొప్పవని అనను, కొన్ని పాటలు సాగదీశారు. కానీ నలుగురూ ఒకే గదిలో కూర్చుని వాయిస్తున్నారన్న ఫీలింగ్ మళ్లీ కలిగింది.

అయితే ఒక పెద్ద బగ్ మిగిలిపోయింది. సీడీ మీద శబ్దం పదహారు బిట్ల అంకెలు. 32767 దాటితే పైకి పోయే దారి లేదు, అల శిఖరం నరికేసినట్టు అవుతుంది. దాన్నే క్లిప్పింగ్ అంటారు. గట్టిగా వినపడాలన్న ఆత్రంలో ఈ సీడీని అలాగే నరికేశారు. దీన్ని పట్టుకున్నది ఎవరు? అభిమానులే. గిటార్ హీరో గేమ్‌లో వచ్చిన ఇవే పాటలు శుభ్రంగా ఉన్నాయని గమనించి, రెండు ఫైళ్లనీ పక్కపక్కన తెరిచి చూశారు. మళ్లీ మిక్స్ చేయమంటూ పదివేల మందికి పైగా సంతకాలు పెట్టారు. ఫైళ్లు పంచుకున్నందుకు 2000లో ఎవరిని దొంగలన్నారో, అలాంటివాళ్లే 2008లో ఉచితంగా టెస్టింగ్ చేసిపెట్టారు!

బ్యాండ్ కూడా కొంచెం మారింది. విడుదలకి పది రోజుల ముందే ఒక ఫ్రెంచ్ షాపు నుంచి ఆల్బమ్ లీకైతే, ఈ రోజుల్లో ఇది మామూలే అన్నట్టు తేలిగ్గా తీసుకున్నాడు లార్స్. 2009 ఏప్రిల్లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వేడుకకి న్యూస్టెడ్‌ని పిలిచి, కొత్త బేసిస్టు రాబర్ట్ ట్రుహియో పక్కనే నిలబెట్టి వాయించారు. క్లిఫ్ తరఫున వాళ్ల నాన్న వేదిక ఎక్కాడు.

నాకైతే మెటాలికా ఫామ్‌లోకి రావడం ఆ రోజుకి గానీ పూర్తి కాలేదనిపిస్తుంది. సోలోలు వేళ్లు గుర్తుపెట్టుకుంటాయి. తమని మోసుకొచ్చిన మనుషుల్ని గుర్తుపెట్టుకోవడమే కష్టం. అన్నట్టు, మొదటి జీతంతో నేను కొన్న సీడీ ఇదే, క్లిప్పింగుతో సహా. బాకీ తీర్చాలి కదా మరి!