విష్ణుపురపు మట్టి గుళ్లు

రైలు కొలువుల నిమిత్తము ఖరగ్‌పూరున తరతరములుగా స్థిరపడిన తెలుగువారు బాంకుడా జిల్లాలోని మా విష్ణుపురమునకు చుట్టపుచూపుగా వచ్చినపుడెల్ల, రామప్పను, లేపాక్షిని ఎఱిగిన కన్నులతో ఇచ్చటి గుళ్లను చూచి, ఇంతటి రాజులకు రాయి దొరకలేదా యని అడుగుచుందురు. రాయి లేకపోలేదు, మాకడా రాయి యని పిలుచు ఎఱ్ఱని లాటరైటు మా నేలలోనే కలదు. కాని అది తేనెతుట్టెవలె బొఱియలమయము. గోడకును అరుగునకును పనికివచ్చునే గాని కనుఱెప్పను తీర్చుటకు పనికిరాదు. సన్నని బంకమన్ను మాత్రము ద్వారకేశ్వర నది చెంతను చెఱువులలోను కావలసినంత దొరకును.

ఈ సీమ నేలిన మల్లరాజులలో వీర హంబీరుడు శ్రీనివాసాచార్యుని వలన వైష్ణవదీక్ష గైకొనిన పిమ్మటనే మా ఊరి రూపు మాఱినది. 1600 ప్రాంతమున ఆయన కట్టించెనని చెప్పు రాసమంచము, విశాలమైన మాకడా రాతి అరుగుపై మెట్లుమెట్లుగా సన్నగిలుచు లేచు ఇటుక కప్పుతో, ఊరిలోని రాధాకృష్ణ మూర్తులను రాసోత్సవవేళ ఒక్కచోట కొలువుదీర్చుటకు ఏర్పడినది. ఆ ఆచారము 1932 వఱకు సాగినది. హంబీరుని కుమారుడగు రఘునాథసింహుడు 1643లో అయిదు శిఖరముల పంచరత్నమైన శ్యామరాయ మందిరమును, 1655లో జోడ్‌బంగ్లాను నిర్మింపజేసెను. తక్కిన రాజుల వంశక్రమమును ఏకరువు పెట్టి చదువరులను విసిగింపను.

ఈ గుళ్ల గోడలను కప్పిన కాల్చిన మట్టిపలకలను మలచినవారు కుమ్మరులు కారు. వంగదేశమున సూత్రధారులనెడి కులమువారు కొయ్యపని, రాతిపని, మట్టిపని, చిత్రలేఖనము అన్నింటను ఆఱితేఱినవారు. పలకను దగ్గఱగా చూచినవారికి, మట్టిని నొక్కి ఉబ్బించిన వ్రేళ్లకంటె కొయ్యను కోసి తొలగించు ఉలి జాడయే అందు హెచ్చుగా కనబడును. మెత్తగా పిసికిన మన్నును పలకలుగా పఱచి, పూర్తిగా తడియాఱక మునుపే అదను చూచి బొమ్మను కోసి తీర్చి, నీడన ఆరబెట్టి, పిదప ఆవములో కాల్చెదరు. మన్ను ఆఱునపుడును కాలునపుడును ముడుచుకొనును గనుక పెద్ద బొమ్మ ఒక్క పలకలో ఇముడదు, పగులును. శ్యామరాయ మందిరపు రాసచక్రమును చూడుడు: నడుమ రాధాకృష్ణులు, చుట్టును వలయములు వలయములుగా చేయి చేయి పట్టిన గోపికలు, అంతయు చిన్న పలకల కూర్పు; అతుకు ఎచ్చట పడవలెనో ముందే లెక్కగట్టి కోసిన పని అది. ఈ గుడి బయటి గోడలేగాక లోపలి గోడలును పలకలతో నిండియున్నవి. ఇంత క్రిక్కిఱిసిన అలంకారమున కంటికి విశ్రాంతి లేదని కొందఱందురు, ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు.

నాకు మాత్రము జోడ్‌బంగ్లాయే మిక్కిలి ప్రీతిపాత్రము. వెదురు వంచి కట్టిన రెండు పల్లెటి యిండ్ల వాలుకప్పులను ప్రక్కప్రక్కన చేర్చి, వాటి కూడలిపై చిన్న శిఖరమును నిలిపిన కట్టడమది; వంపు తిరిగిన చూరు అలంకారార్థమైనది కాదు, మా కుండపోత వానలకు నీరు నిలువక జాఱిపోవుటకు పూరింటివారు కనుగొన్న ఉపాయమే ఇటుకలోనికి వచ్చినది. ఇచ్చట అంపశయ్యపై పరుండిన భీష్ముడు కలడు, రామాయణ భాగవత గాథలు కలవు. కాని యాత్రికులు సాధారణముగా తలయెత్తి చూచి సాగిపోదురు గనుక, పీఠమునకు సమీపమున సాగు వరుసలను చూచువారు తక్కువ. అచ్చట వేటకు పోవువారు, ఏనుగులు, తుపాకులు పట్టిన సిపాయిలతో నిండిన నావలు కలవు. ఒక నావలో తెడ్లు వేయువారి వీపులన్నియు ఒక్క వాలున వంగియుండగా పైవరుసలోనివారు నిటారుగా నిలిచి తుపాకులెత్తుదురు. ఎవరి శ్రమ యెంతయో శిల్పి చక్కగా ఎఱుగును.

దుర్జనసింహుడు 1694లో కట్టించిన మదనమోహన మందిరమున నేటికిని పూజ జరుగుచున్నది. 1742లో భాస్కర పండితుని మరాఠా దండు మీదికి వచ్చినపుడు ఈ స్వామియే స్వయముగా దలమాదల్ ఫిరంగిని పేల్చి తరిమెనని మావారు చెప్పుకొందురు. తరువాతికాలమున అప్పుల పాలైన చైతన్యసింహుడు, ఊరిని కాచిన ఆ మూర్తినే కలకత్తా బాగ్‌బజారు నివాసియగు గోకులమిత్రునకు తాకట్టు పెట్టెనని చెప్పుదురు. బాగ్‌బజారున మదనమోహనునకు గుడి నేటికిని కలదు. మా మందిరమున ఇప్పుడు అర్చనలందునది వేఱొక మూర్తి.