నైట్ డ్యూటీ బోధకులు

మా నాన్న ప్రసంగాలు రాసుకున్న పుస్తకం ఇప్పుడు నా దగ్గరుంది. పుస్తకమంటే కొన్నది కాదు. వాడేసిన రైల్వే ఫారాలను వెనక్కి తిప్పి, దబ్బనంతో పొడిచి, పురికొసతో కుట్టిన కట్ట. ఒక పక్క ఇంగ్లీషులో వ్యాగన్ల నంబర్లు. రెండో పక్క తెలుగులో, బోలెడు కొట్టివేతలతో, యోహాను సువార్త పదిహేనో అధ్యాయం మీద మూడు పాయింట్లు. నాన్న ఖరగ్‌పూర్‌లోని నిమ్‌పురా యార్డులో పాయింట్స్‌మన్. "పట్టాల మీద పాయింట్లు చాలక ఇంటికి కూడా తెచ్చుకున్నాడు" అని అమ్మ ఎగతాళి చేసేది.

ఆయన ఏ బైబిలు కాలేజీ గుమ్మమూ ఎక్కలేదు. అయినా ఇరవై ఏళ్లకు పైగా మా సంఘంలో నెలకో ఆదివారం వాక్యం చెప్పింది ఆయనే. మిగతా ఆదివారాలు ఒక ఫిట్టరు, ఒక ఇంజను డ్రైవరు, ఒక స్కూలు మాస్టారు పంచుకునేవాళ్లు. శిష్యత్వ శిక్షణ, నాయకత్వ శిక్షణ, మిషనరీ శిక్షణ అని ఇవాళ బ్యానర్లు కట్టి చెప్పేదంతా మా దగ్గర డ్యూటీ చార్టును బట్టి నడిచిపోయింది. దానికి అప్పట్లో పేరేమీ లేదు.

ఖరగ్‌పూర్‌లో ఇంతమంది తెలుగువాళ్లేమిటని కొత్తగా వచ్చినవాళ్లు అడుగుతుంటారు. జవాబు రైలు మ్యాపులో ఉంది. బెజవాడ నుంచి కటకం దాకా తీరం వెంట వేసిన ఈస్ట్ కోస్ట్ లైనులో, వాల్తేరుకి ఉత్తరాన ఉన్న భాగం 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికొచ్చింది. ఆ కంపెనీయే ఖరగ్‌పూర్‌ని జంక్షన్ చేసుకుని వర్క్‌షాపు కట్టింది. ఇచ్ఛాపురంలోనో పలాసలోనో బండెక్కినవాడు అదే కంపెనీ లైను మీద నేరుగా ఖరగ్‌పూర్‌లో దిగగలిగేవాడు. మా తాత అలాగే దిగాడు. బరంపురం మనిషి వి.వి.గిరి 1920ల చివర్లో బి.ఎన్.ఆర్. కార్మికులను కూడగట్టిందీ, సమ్మె నడిపిందీ ఈ ఊరు కేంద్రంగానే. మా ఇంట్లో "సంఘం" అంటే రెండర్థాలు: ఒకటి గిరిగారి సంఘం, రెండోది క్రీస్తు సంఘం. తాత రెండింటికీ చందా కట్టాడు. నలుగురిలో లేచి నిలబడి మాట్లాడడం ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, ఏ సంఘమో తేల్చకుండా "సంఘంలోనే" అనేవాడు.

నిమ్‌పురా యార్డుకి పగలూ రాత్రీ తేడా లేదు. బండ్లు వస్తాయి, విడగొడతారు, మళ్లీ కూరుస్తారు. ఆ మోత మధ్య ఆదివారం అనేది క్యాలెండర్‌లో ఎర్ర అంకె మాత్రమే. నా చిన్నప్పుడు మా సంఘానికి ఇక్కడ కాపురముండే అయ్యగారు లేరు. బల్ల ఆరాధనకి నెలకోసారి బయటి నుంచి వచ్చేవారు. అందుకని ప్రతి పనికీ ఇద్దరు ముగ్గురు సిద్ధంగా ఉండాల్సిందే. ఒకడిది నైటయితే ఇంకొకడు అందుకోవాలి. ముందు పిల్లవాడి చేత కంఠత వాక్యం చెప్పించేవాళ్లు, తర్వాత పాఠం చదివించేవాళ్లు, తర్వాత గురువారం కుటుంబ ప్రార్థనలో చిన్న ప్రార్థన. కానుక లెక్కపెట్టడానికి పద్దెనిమిదేళ్లు నిండాలి. ఇద్దరు లెక్కపెట్టి ఇద్దరూ సంతకం పెట్టాలి. రైల్వే ఆసుపత్రిలో రోగిని చూడబోతే మంచం మీద కూర్చోకూడదు, పది నిమిషాలు దాటకూడదు, ప్రార్థనలో జబ్బు పేరెత్తి భయపెట్టకూడదు. ఇవన్నీ నాకు ఎవరూ క్లాసు పెట్టి చెప్పలేదు. మా నాన్న వెనకాల సైకిలు మీద కూర్చుని వెళ్లి చూసినవే.

నా పందొమ్మిదో ఏట ఒక గురువారం. వాక్యం చెప్పాల్సిన డ్రైవరు మావయ్య కీర్తన మూడో చరణంలో ఉండగా డ్యూటీకి పిలిచే కాల్‌బాయ్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో పుస్తకం. మావయ్య పాట ఆపకుండానే సంతకం పెట్టాడు. చరణం అయ్యేసరికి బూట్లు తొడుక్కున్నాడు. తన బైబిలు తెచ్చి నా ఒళ్లో పెట్టి, "అందుకోరా" అని వెళ్లిపోయాడు. ఆయన రిబ్బను పెట్టుకున్న చోట తెరిచాను. ఏం మాట్లాడానో ఇప్పుడు ఒక్క ముక్క గుర్తులేదు. అయ్యాక మూల కూర్చున్న మామ్మ ఒకావిడ నన్ను దగ్గరికి పిలిచి, "గట్టిగానే అరిసినావు గానీ బాబూ, ఇంతకీ ఏటి సెప్పినావు?" అంది. నాకు అందిన మొదటి మార్కు అది. ఆ తర్వాత ఎన్ని శిబిరాలకి వెళ్లినా అంతకంటే పనికొచ్చే మాట నాకెవరూ చెప్పలేదు.

ఇది మా రైల్వే కాలనీ పేదరికం వల్ల పుట్టిన పద్ధతి అనుకునేవాణ్ణి. చదువుతూ పోతే మొదటి నుంచీ కథ ఇంతే. బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చాడు. 1867 జనవరి 1న అక్కడ సంఘం కట్టిననాడు సభ్యులు ఎనిమిది మంది. ఆ ప్రాంతమంతా సువార్త మోసింది తోళ్ల వ్యాపారం చేసే ఎర్రగుంట్ల పేరయ్య లాంటి మాదిగలు. పేరయ్య అప్పటికే రాజయోగం నేర్చిన మనిషి. గురువంటే ఏమిటో, శిష్యుడంటే ఏమిటో దొరగారు చెప్పకముందే ఎరుగును. 1876-78 ధాత కరువులో క్లౌ బకింగ్‌హాం కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుంటే, ఈ బోధకులే కూలీల మీద మేస్త్రీలుగా నిలబడ్డారు. పగలు మట్టి లెక్క, ఖాళీ దొరికితే వాక్యం. 1878 జూలై 3న గుండ్లకమ్మలో 2,222 మందికి బాప్తిస్మమిచ్చినప్పుడు నీళ్లలో దిగిన ఆరుగురూ తెలుగు బోధకులే. ఇద్దరు ఇస్తుంటే మిగతావాళ్లు అలుపు తీర్చుకున్నారట. ఇద్దరిద్దరుగా వంతులు! మా డ్యూటీ చార్టు నాకు వెంటనే గుర్తొచ్చింది.

బడి లేదని కాదు. రామాయపట్నంలో బాప్టిస్టుల సెమినరీ 1872లో మొదలైంది. కెనడా బాప్టిస్టులు సామర్లకోటలో 1882లో పెట్టారు. కానీ పని ముందు పుట్టింది, బడి తర్వాత పుట్టింది.

తెలుగు బోధకుల చరిత్రకి బెంగాల్‌తో ఇన్ని ముడులున్నాయని మాత్రం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మా ఖరగ్‌పూర్ నుంచి హౌరా 116 కిలోమీటర్లు, అక్కణ్ణించి హుగ్లీ ఒడ్డునే మరో ఇరవై వెళితే సెరాంపూర్. మిషనరీ విలియం కేరీ అచ్చుకూటం అక్కడే. 1812 మార్చి 11 రాత్రి అది తగలబడినప్పుడు కాలిన సరుకులో తెలుగు టైపులూ ఉన్నాయి. మళ్లీ పోతపోశారు. 1814లో కేరీ తెలుగు వ్యాకరణం, 1818లో తెలుగు కొత్త నిబంధన అక్కడే అచ్చయ్యాయి. అదే 1818లో పెట్టిన కాలేజీకి డెన్మార్క్ రాజు 1827లో పట్టాలిచ్చే హక్కిచ్చాడు. ఇవాళ హైదరాబాదులో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో చదివిన కుర్రాడి పట్టా మీద ఉండే పేరు సెరాంపూరే. ఆ కళాశాల 1964లో రాజమండ్రిలో మొదలై 1973లో హైదరాబాదు చేరింది.

వి.ఎస్.అజరయ్య సంగతీ అంతే. తిరునల్వేలి మనిషి. 1905 క్రిస్మస్ నాడు నేషనల్ మిషనరీ సొసైటీ పుట్టింది సెరాంపూర్‌లో, దాని వెనకున్న వాళ్లలో ఆయనొకడు. 1912 డిసెంబరు 29న ఆయన్ని బిషప్పుగా అభిషేకించింది కలకత్తాలో. పనిచేసింది మాత్రం తెలుగు నేలమీద, దోర్నకల్‌లో. అదీ రైలు జంక్షనే. అక్కడ శిక్షణకి వచ్చిన ఉపదేశకులు పెళ్లాం బిడ్డలతో సహా వచ్చి కాపురముండేవాళ్లు. భార్యలకీ చదువు చెప్పేవాళ్లు. పల్లెలో సంఘం నిలబడేది ఆ ఇంటి ఇల్లాలి మీద కూడానని అజరయ్యకి తెలుసు.

మా నిమ్‌పురాలో దీనికి వేరే రుజువు అక్కర్లేదు. మా పిల్లలు వీధిలో హిందీ, బజారులో బంగ్లా, ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు. తెలుగు అక్షరం మాత్రం రాదు. అక్షరం రాకపోతే పాఠం ఎవడు చదువుతాడు? మా అమ్మ ఆదివారం మధ్యాహ్నం క్వార్టరు గచ్చు మీద సుద్దముక్కతో అ ఆలు రాయించేది. పాత గోడ క్యాలెండర్ల మీద పెద్ద పెద్ద అంకెలుంటాయి కదా, వాటి వెనక గుణింతం రాసి తలుపుకి తగిలించేది. ఆవిడ చేతికింద అక్షరాలు దిద్దినవాళ్లలో ఇద్దరు ఆ తర్వాత సెమినరీకి వెళ్లారు. సంఘం పెద్దల పేర్లు రాసిన బోర్డులో ఆవిడ పేరు ఎప్పుడూ లేదు. ఈ తప్పు మాదే.

కొన్నేళ్ల కిందట ఒక సంస్థవాళ్లు ఇటొచ్చి మూడు రోజుల నాయకత్వ శిక్షణ పెట్టారు. నమోదు రుసుము కట్టి మావాళ్లు పదకొండు మంది కూర్చున్నారు. చివర్న రంగురంగుల సర్టిఫికెట్లు. నలుగురి పేర్లు తప్పు పడ్డాయి. దిద్ది పంపుతామన్నారు, పంపలేదు. ఆ పదకొండు మందిలో ఒక్కడికీ శవం లేచే ఇంట్లో ఏం చదవాలో చెప్పలేదని ఆ తర్వాతి నెలలోనే బయటపడింది.

అలాగని కాలేజీ చదువు దండగని మా నాన్న ఎప్పుడూ అనలేదు. ఆయన పుస్తకం అంచుల్లో పెన్సిలుతో "అయ్యగారిని అడగాలి" అని తొమ్మిది చోట్ల ఉంది. ఒకటి యోబు గ్రంథం దగ్గర, రెండు రోమా పత్రిక దగ్గర. మూడింటికి పక్కన జవాబు వేరే సిరాతో ఉంది. ఆరింటికి లేదు. నెలకోసారి వచ్చే అయ్యగారికీ, షిఫ్టు మారే పాయింట్స్‌మన్‌కీ కలవడం కుదరలేదన్నమాట.

నిమ్‌పురాలోగానీ, మథురకాఠీలోగానీ, గోల్‌బజార్ వైపుగానీ పాత రైల్వే క్వార్టర్లు ఖాళీ చేసేవాళ్లకి ఒక్కటే మనవి. అటక మీద రేకు పెట్టెలో ఇలాంటి కట్టలుంటే, ఒక పక్క వ్యాగన్ నంబర్లే కదా అని పాత కాగితాల వాడికి వేసేయకండి. వెనక్కి తిప్పి చూడండి.