పిస్తోలు ఎందుకు మొరాయించును?

ఒక యంత్రమును కనిపెట్టుట ఒక ఎత్తు; అది ఎండలోను, వానలోను, దుమ్ములోను ఆగకుండ పనిచేయునట్లు చేయుట మరొక ఎత్తు. మొదటి పనికి చక్కని ఊహ చాలును. రెండవ పనికి ఏండ్ల తరబడి ఓపికతో పరీక్షలు జరుపవలెను. ఈ భేదమును తెలుసుకొనుటకు అర్ధస్వయంచాలక పిస్తోలు చరిత్ర మంచి ఉదాహరణము. ఈ ఆయుధమునకు పుట్టుకతోనే వచ్చిన జబ్బు ఒకటి కలదు. ఒక తూటా పేలిన పిమ్మట రెండవ తూటా తన స్థానమునకు చేరక నడుమనే ఇరుకుకొనిపోవుటయే ఆ జబ్బు. శత్రువు ఎదుట నిలిచిన సైనికునికి అది ప్రాణాపాయము. దాని కారణములను ఎట్లు వెదకిరో, ఎట్లు తగ్గించిరో ఇచ్చట తెలుసుకొందము.

రివాల్వరు తరువాత

రివాల్వరులో ఈ చిక్కు లేదు. అందు ఐదారు గదులు గల చక్రము ఉండును. తూటాను ఏ గదిలో పెట్టితిమో అది ఆ గదిలోనే పేలును. చక్రమును త్రిప్పు శక్తి మనిషి వ్రేలిదే. ఒక తూటా పేలకపోయినను మరల మీట నొక్కినచో తరువాతి గది ఎదుటికి వచ్చును. అర్ధస్వయంచాలక పిస్తోలులో అట్లు కాదు. పేలిన తూటా శక్తియే ఖాళీ గుల్లను బయటకు నెట్టి, కొత్త తూటాను ఎక్కించవలెను. మీట నొక్కిన ప్రతిసారి ఒక్క గుండు మాత్రమే వెడలును గనుక దీనిని 'అర్ధ' స్వయంచాలకము అందురు.

ఈ ఏర్పాటునకు రెండు విషయములు దారి చూపినవి. పాత నల్లమందు కాలినపుడు దాని బరువులో సగమునకు పైగా ఘనపదార్థముగా, అనగా మసిగాను పొగగాను మిగులును. అట్టి మసిలో సున్నితమైన యంత్రము ఎంతో సేపు ఆడజాలదు. 1884లో ఫ్రాన్సు దేశమున పాల్ వియెయ్ పొగలేని మందును తయారుచేసెను. ఆ కాలముననే అమెరికాలో పుట్టి లండనులో పనిచేయుచున్న హైరం మాక్సిం, తుపాకి వెనుకకు తన్ను శక్తితోనే తరువాతి తూటాను ఎక్కించు మరతుపాకిని నిర్మించెను. ఈ రెండింటిని చేతిలో ఇముడు ఆయుధమునకు అన్వయించినవారిలో ముఖ్యుడు హ్యూగో బోర్‌కార్ట్. 1893 నాటి అతని పిస్తోలులో ఎనిమిది తూటాల మేగజైను పిడిలోనే అమరియుండెను. జార్జి లూగర్ దానిని చిన్నదిగా, పొందికగా మార్చెను. లూగర్ పిస్తోలును స్విట్జర్లాండు సైన్యము 1900లోను, జర్మను సైన్యము 1908లోను స్వీకరించెను.

తూటా ప్రయాణము

జబ్బును గుర్తింపవలెనన్న ఆరోగ్యమెట్టిదో ముందుగా తెలియవలెను. తూటాలో నాలుగు భాగములు కలవు: ఇత్తడి గుల్ల, అందులోని మందు, అడుగున నిప్పు పుట్టించు చిన్న టోపీ, మూతి యందు గుండు. అమెరికాలో జాన్ బ్రౌనింగు రూపొందించిన 0.45 అంగుళముల పిస్తోలును తీసుకొందము. దాని గుండు బరువు సుమారు 15 గ్రాములు. వేగము సెకనుకు సుమారు 250 మీటర్లు. న్యూటన్ మూడవ నియమము ప్రకారము గుండు ముందుకు పోవునపుడు గొట్టము, దానిపై జారు స్లైడు వెనుకకు పోవును. ఈ రెండింటి బరువు సుమారు అరకిలో అనుకొందము. ఇరువైపుల ద్రవ్యవేగము సమానము గనుక, మందు వాయువులను లెక్కలోనికి తీసుకొననిచో, వెనుకకు పోవు వేగము సెకనుకు సుమారు 7.5 మీటర్లగును.

గొట్టము కొద్ది దూరము స్లైడుతో కలిసి పోయి, క్రిందికి వ్రాలి ఆగిపోవును. స్లైడు ఒక్కటే ముందుకు సాగును కాదు, వెనుకకే సాగును. దాని కొక్కెము ఖాళీ గుల్లను లాగును; ఆ గుల్ల ఒక ముక్కకు తగిలి బయటకు ఎగిరిపడును. అంతలో స్ప్రింగు స్లైడును మరల ముందుకు నెట్టును. మేగజైను స్ప్రింగు పైకెత్తిన కొత్త తూటాను స్లైడు తోసికొనిపోగా, గుండు ముక్కు ఒక ఏటవాలుపై ఎక్కి గొట్టపు గదిలో దూరును. ఇదంతయు సెకనులో పదవ వంతు కన్న తక్కువ కాలములో జరిగిపోవును.

లక్షణములు, కారణములు

ఈ ప్రయాణములో ఎచ్చట ఆటంకము కలిగినదో చూచినచో కారణమును ఊహింపవచ్చును. గుండు ముక్కు ఏటవాలుపై గ్రుచ్చుకొని ఆగినచో, ఏటవాలు గరుకుగా నుండుటయో, మేగజైను పైఅంచులు వంగి తూటాను తప్పు కోణములో విడుచుటయో కారణము కావచ్చును. స్లైడు తూటాను ఎత్తుకొనకయే దాని మీదుగా పోయినచో, మేగజైను స్ప్రింగు బలహీనపడి తూటాను సకాలములో పైకెత్తలేదని అనుమానింపవలెను. ఖాళీ గుల్ల పొగగొట్టము వలె నిటారుగా ఇరుకుకొన్నచో స్లైడు చాలినంత వెనుకకు పోలేదేమో, కొక్కెము అరిగినదేమో చూడవలెను. స్లైడు పూర్తిగా మూసికొనకున్నచో మసి, ఎండిన నూనె, అలసిన స్ప్రింగు ముద్దాయిలు.

చేయి కూడ ఈ యంత్రములో ఒక భాగమే. స్లైడు వెనుకకు పోవునపుడు పిడి స్థిరముగా నుండవలెను. చేయి సడలినచో పిడి కూడ స్లైడుతో పాటు వెనుకకు పోవును. రెండింటి నడుమ సాపేక్ష చలనము తగ్గి, స్లైడు తన దూరమును పూర్తి చేయజాలదు. అందుచే ఒకే పిస్తోలు ఒకరి చేతిలో చక్కగా ఆడి, మరొకరి చేతిలో మొరాయింపవచ్చును.

తూటా ఆకారము కూడ ముఖ్యమే. రివాల్వరు తూటాకు అడుగున వెడల్పైన అంచు ఉండును. అట్టి తూటాలను మేగజైనులో ఒకదానిపై నొకటి పేర్చినపుడు పైదాని అంచు క్రిందిదాని అంచు వెనుక చిక్కుకొనవచ్చును. బోర్‌కార్ట్ తూటాకు గాని, బ్రౌనింగు 0.45 తూటాకు గాని పొడుచుకొనివచ్చు అంచు లేకపోవుటకు ఇది యొక కారణము. అంచునకు బదులు గుల్ల చుట్టును కొక్కెము పట్టుటకు గాడి ఉండును.

ఆరువేల గుండ్ల పరీక్ష

1904లో జరిగిన ప్రయోగముల పిమ్మట అమెరికా సైన్యము 0.45 అంగుళములకు తగ్గని గుండు గల పిస్తోలును కోరెను. 1907లో స్ప్రింగ్‌ఫీల్డు ఆయుధశాలలో పలు నమూనాలు పరీక్షకు వచ్చినవి. బ్రౌనింగు రచించిన కోల్టు, దాని ప్రత్యర్థియైన సావేజ్ ముందడుగు వేసినవి. రెండింటిని సైనికుల చేతికిచ్చి చూడగా లోపములు బయటపడినవి. 1910 చివర జరిగిన పరీక్షలోను రెండును పూర్తి తృప్తి నీయలేదు.

ఈ నడుమ బ్రౌనింగు చేసిన మార్పులు గమనింపదగినవి. పూర్వపు నమూనాలలో గొట్టమును ముందు వెనుకల రెండు లంకెలు పట్టియుంచెడివి. కొత్తదానిలో వెనుక ఒకే లంకె మిగిలెను. పిడి వాలు మారెను. భాగములు తగ్గినకొలది తప్పునకు తావు తగ్గినది.

1911 మార్చిలో తుది పరీక్ష జరిగెను. ఒక్కొక్క పిస్తోలుతో 6,000 గుండ్లు పేల్చిరి. నూరేసి పేల్చిన పిమ్మట ఐదు నిమిషములు చల్లారనిచ్చిరి. వేయి పూర్తియైనపుడు శుభ్రపరచి నూనె వేసిరి. సావేజ్ పిస్తోలుకు 37 ఆటంకములు కలిగినవి. కోల్టుకు ఒక్కటియు లేదు. పిదప సొట్టలు పడిన తూటాలతోను, ఆమ్లముచే త్రుప్పు పట్టించియు, ఇసుకలోను బురదలోను ముంచియు పరీక్షించిరి. 1911 మార్చి 29న సైన్యము దానిని స్వీకరించెను. 1985లో వేరొక పిస్తోలు వచ్చువరకు అదియే అమెరికా సైన్యపు ప్రధాన పిస్తోలుగా నుండెను.

మరచిన పాఠము

ఈ పాఠమును మరచినచో ఏమగునో అదే దేశము వియత్నాం యుద్ధములో చూచెను. ఎం-16 తుపాకి ఒక రకపు మందుతో రూపొందినది. 1964లో దాని తూటాలలో మందు మార్చిరి. కొత్త మందు యంత్రమును మరింత వేగముగా ఆడించి, మసిని హెచ్చుగా మిగిల్చినది. తూటా గదికి క్రోమియం పూత లేదు. శుభ్రపరచు సామగ్రియు చాలినంత అందలేదు. తడినేలలో ఖాళీ గుల్లలు గదిలోనే అతుక్కొనిపోయినవి. మొరాయించిన తుపాకి చేతబట్టి సైనికులు మరణించిరను వార్తలు దేశమును కలవరపరచినవి. 1967లో అమెరికా శాసనసభా ఉపసంఘము విచారణ జరిపి మందు మార్పును తీవ్రముగా విమర్శించినది. గదికి క్రోమియం పూత, సరియైన శుభ్రత అలవడిన పిదపనే స్థితి మెరుగుపడినది.

రెండు కథల సారము ఒక్కటే. తూటా, మేగజైను, స్ప్రింగు, మందు, చేయి వేర్వేరు వస్తువులు కావు. అన్నియు కలిసి ఒక్క యంత్రము. ఒకదానిని మార్చినచో అన్నింటిని మరల పరీక్షింపవలెను. లోపమును వెదకునపుడు మాత్రము ఒక్కసారి ఒక్కదానినే మార్చవలెను. మొరాయించు పిస్తోలుకు వేరొక మేగజైను పెట్టి చూడుము. తప్పు పాత మేగజైనుతో వెళ్లిపోయినచో దోషము దానిదే. పిస్తోలుతోనే మిగిలినచో మరొకచోట వెదకవలెను. ప్రయోగశాలలో విద్యుద్వలయము పనిచేయనపుడు ఘటమును, తీగను, మీటను ఒక్కొక్కటిగా మార్చి చూచు విద్యార్థి అనుసరించునదియు ఈ పద్ధతియే. అన్నింటిని ఒకేసారి మార్చినచో దీపము వెలుగవచ్చును గాని, ఏల వెలుగలేదో ఎన్నటికిని తెలియదు.