చీకటి సముద్రాన్ని చిత్రించిన తీరు

రాత్రిపూట సముద్రంలో కనిపించే నీలి మెరుపును ఛాయాచిత్రంగా నిలపడం చాలా ఆలస్యంగా సాధ్యపడింది. దాన్ని గమనించి రాసిపెట్టడం మాత్రం అంతకు ఎంతో ముందునుంచే ఉంది, అందులో తెలుగు తీరానికీ ఒక పాలు ఉంది. జీవులు తమ దేహంలో జరిగే రసాయన చర్య వల్ల వెలువరించే ఈ కాంతిని జీవసందీప్తి అంటారు. లూసిఫెరిన్ అనే పదార్థం లూసిఫెరేజ్ అనే ఎంజైము సాయంతో ఆక్సిజన్‌తో కలిసినప్పుడు ఇది పుడుతుంది. ఈ రెండింటినీ వేరుగా గుర్తించి పేర్లు పెట్టినవాడు 1880లలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రఫాయెల్ దుబ్వా. ఈ కాంతిని, సముద్రంలో ఉంటుందని పురాణాలు చెప్పే బడబాగ్నికి ముడిపెట్టాలన్న కోరిక సహజమే గాని, అది దహించే అగ్ని, ఇది వేడి దాదాపు లేని కాంతి. రెంటినీ ఒకటి చేయడం తగదు.

మేఘాద్రిగెడ్డ సముద్రంలో కలిసే చోటి చిత్తడి నేలను తవ్వి నిర్మించిన విశాఖపట్నం రేవు 1933లో తెరుచుకుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్ర జీవశాస్త్రానికి పునాది వేసినవారిలో ముఖ్యుడైన పి.ఎన్. గణపతి, తన సహచరులతో కలిసి ఆ రేవు నీటిలోని జీవసందీప్తిపై 1959లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో ఒక చిన్న వ్యాసం ప్రకటించాడు. తీరపు నీటిలో ఇలాంటి మెరుపుకు తరచుగా కారణమయ్యే జీవి నాక్టిల్యూకా సింటిలాన్స్. అది ప్లవకం, అంటే ప్రవాహాన్ని ఎదిరించలేక నీటితో పాటు కొట్టుకుపోయే జీవుల్లో ఒకటి, ఒకే కణంతో ఏర్పడినదైనా కంటికి ఆనేంత పెద్దది. అల విరిగినా, తెడ్డు తగిలినా, చేప కదిలినా అది సెకనులో పదోవంతు కూడా ఉండని మెరుపు మెరిసి ఆరిపోతుంది.

ఛాయాచిత్రకారుడికి చిక్కు అక్కడే ఉంది. లూయీ బుటాన్ 1893లో ఫ్రాన్సు తీరాన బన్యూల్ వద్ద నీటి అడుగున ఛాయాచిత్రాలు తీసినప్పటి నుంచి ఆ విద్య ముందుకు సాగిందంతా నీటిలోకి మరింత వెలుగు తీసుకుపోవడం ద్వారానే. మొదట మెగ్నీషియం మంట, తర్వాత విద్యుద్దీపాలు, ఆపై ఫ్లాష్. జీవసందీప్తి విషయంలో ఆ సంపాదనంతా పనికిరాకపోగా అడ్డం వస్తుంది, ఎందుకంటే వేసిన దీపమే చూడవలసిన వెలుగును మింగేస్తుంది. 1934లో విలియం బీబ్, ఓటిస్ బార్టన్ బెర్ముడా దగ్గర ఉక్కు గోళంలో 923 మీటర్ల లోతుకు దిగినప్పుడు, అక్కడ మెరిసిన జీవులను బీబ్ టెలిఫోనులో పైకి వర్ణించగా, ఆ వర్ణనల ఆధారంగా ఎల్స్ బోస్టెల్మన్ అనే చిత్రకారిణి బొమ్మలు గీసింది. కెమెరా ఓడినచోట కుంచె గెలిచిన ఆ ఘట్టానికి ఛాయాచిత్ర చరిత్రకారులు ఇవ్వవలసినంత చోటు ఇవ్వలేదు. మసక వెలుగును ఎన్నో రెట్లు పెంచి చూపే ఎలక్ట్రానిక్ పరికరాలు వచ్చాకే కెమెరా తేరుకుంది. సముద్ర జీవులు ఎక్కువగా గుర్తించలేని ఎర్రని కాంతిలో కెమెరాను సరిచేసుకుని, దాన్ని ఆర్పేసి చిత్రం తీయడం నేటి పద్ధతి. నీలికాంతి పడ్డప్పుడు పగడాలు ఆకుపచ్చగానో ఎర్రగానో మెరవడం మాత్రం ప్రతిదీప్తి, అంటే పైనుంచి పడ్డ కాంతిని రంగు మార్చి తిరిగి వెదజల్లడం. జీవసందీప్తి పేరుతో చెలామణీ అయ్యే రంగురంగుల బొమ్మల్లో కొన్ని నిజానికి ప్రతిదీప్తివే.

ఈ మెరుపు తీరవాసులకే పరిమితం కాదు. తెలంగాణలో జగిత్యాల ప్రాంతపు కొడిమ్యాలకు సముద్రం మూడు వందల కిలోమీటర్లకు పైగా దూరం. అయినా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి దశాబ్దాలుగా గల్ఫ్ దేశాలకు వలస సాగుతున్నందువల్ల, ఈ నేల మనుషులకు అరేబియా సముద్రపు ఒడ్డు కొత్తది కాదు. 2000 తర్వాతి దశాబ్దంలో ఒమన్ వైపు చలికాలపు నీటిలో ఆకుపచ్చ నాక్టిల్యూకా విపరీతంగా పెరగసాగింది. నీటిలో ఆక్సిజన్ తగ్గడం దీనికి తోడ్పడుతోందని హెల్గా గోమ్స్, జొకీమ్ గోయెస్ బృందం 2014లో వాదించింది. పగలు పచ్చగా కనిపించే ఆ నీరే రాత్రి నీలంగా మెరుస్తుంది.

ఆ పడమటి సముద్రంలోనే ‘పాల సముద్రం’ అని నావికులు పిలిచే మరో వింత ఉంది. అందులో నీరు మెరిసి ఆరకుండా, మైళ్ళ కొద్దీ తెల్లగా వెలుగుతూనే ఉంటుంది, దానికి బాక్టీరియా కారణమని భావిస్తున్నారు. 1995 జనవరిలో సోమాలియా తీరానికి దూరంగా ‘లీమా’ అనే ఓడ రాసిన చిట్టాను స్టీవెన్ మిల్లర్ అనే శాస్త్రజ్ఞుడు పదేళ్ళ తర్వాత ఉపగ్రహ చిత్రాలతో పోల్చి, అదే వెలుగును వాటిలో గుర్తించాడు. సముద్రం మీద నుంచి తీసిన ఛాయాచిత్రం కోసం 2019 దాకా ఆగవలసి వచ్చింది. ఆ ఏడాది జావాకు దక్షిణాన ‘గణేశ’ అనే చిన్న నౌకలోని సిబ్బంది చిత్రాలు తీయడమే కాక ఒక బకెట్ నీటిని పైకి తోడి చూశారు. అందులో నిలకడగా వెలుగుతున్న చుక్కలు కలియబెట్టగానే ఆరిపోయాయి, కదిలిస్తేనే మెరిసే నాక్టిల్యూకాకు ఇది సరిగ్గా విరుద్ధం. ఆ చిత్రాలను ఉపగ్రహ చిత్రాలతో సరిపోల్చిన మిల్లర్ వ్యాసం 2022లో వెలువడింది.