పాయకరావుపేట మండల పరిషత్ సర్వసభ్య సమావేశం

అనకాపల్లి జిల్లా పాయకరావుపేట మండల ప్రాదేశిక సభ్యులు (ఎంపీటీసీలు), అధికారులు కూర్చుని మండల పనులను సమీక్షించే సభ. సాధారణంగా మూడు నెలలకోసారి జరుగుతుంది. తాండవ నదికి ఆవలి ఒడ్డున ఉన్న తుని కాకినాడ జిల్లాలోది కాబట్టి, ఊళ్లు రెండూ కలిసిపోయినట్టున్నా అక్కడి సమస్యలు ఈ అజెండాలోకి రావు.

1986 నాటి చట్టం పాత పంచాయతీ సమితుల స్థానంలో మండలాలను తెచ్చింది. ఇప్పటి సభలకు ఆధారం 1994 పంచాయతీరాజ్ చట్టం. ఎంపీటీసీలు తమలో ఒకరిని అధ్యక్షుడిగా (ఎంపీపీ) ఎన్నుకుంటారు. ఎమ్మెల్యే, ఎంపీ పదవిరీత్యా సభ్యులు. సర్పంచులు మాట్లాడవచ్చు, ఓటు మాత్రం లేదు. 2021 ఏప్రిల్ 8న రాష్ట్రమంతటా ఎంపీటీసీ పోలింగ్ జరిగినా కోర్టు వ్యాజ్యాల వల్ల లెక్కింపు సెప్టెంబరు 19 దాకా ఆగింది.

సభకు ఎంపీపీ అధ్యక్షత వహిస్తారు, నిర్వహణ బాధ్యత మండల పరిషత్ అభివృద్ధి అధికారిది (ఎంపీడీవో). వ్యవసాయం, విద్యుత్తు, గ్రామీణ నీటి సరఫరా, ఉపాధి హామీ వంటి శాఖల అధికారులు ఒక్కొక్కరుగా లేచి ప్రగతి నివేదిక చదువుతారు. అసలు సభ ఆ తర్వాతే మొదలవుతుంది: ఏ వీధిలో కుళాయి రావడం లేదు, ఏ పొలంలో స్తంభం ఒరిగింది. పెంటకోట వంటి మత్స్యకార గ్రామాలున్న మండలం కావడంతో సాగుతోపాటు వేట కూడా ఇక్కడి బతుకుతెరువే. నిర్ణయాలు తీర్మానాలుగా మినిట్స్ పుస్తకంలోకి ఎక్కుతాయి. పెద్ద నిధుల పగ్గాలు రాష్ట్ర శాఖల చేతిలోనే ఉండటంతో ఆ తీర్మానాల్లో చాలావరకు పైవారికి విన్నపాలే.