నిర్భీక్: అర కిలో తమంచా తారీఖ్

2014 జనవరిలో కాన్పూర్‌లోని ఫీల్డ్ గన్ ఫ్యాక్టరీ ఒక రివాల్వర్‌ని బజారులోకి తెచ్చింది. పేరు నిర్భీక్. మన జబాన్‌లో చెప్పాలంటే బేఖౌఫ్. 2012 డిసెంబర్ 16 రాత్రి ఢిల్లీ బస్సులో జుల్మ్‌కి బలైన అమ్మాయిని దేశమంతా నిర్భయ అని పిలిచింది కదా, ఆ పేరు నీడలోనే దీనికీ పేరు పెట్టారు. టైటానియం మిశ్రలోహం, .32 కాలిబర్, వజన్ 500 గ్రాములు. ఆడవాళ్ల పర్సులో పడుతుందన్నారు. నగల డబ్బాలాంటి పెట్టెలో పెట్టి మరీ అమ్మారు. కీమత్ 1,22,360 రూపాయలు.

మొన్న నందిగామలో ఒక దావత్‌లో ఈ ముచ్చట వచ్చింది. రోజూ జగ్గయ్యపేట నుంచి బస్సులో వచ్చిపోయే ఒక చెల్లెలు, "తేలికైందయితే ఆడవాళ్లకు మంచిదే కదా భాయ్‌జాన్?" అంది. అందరూ అలాగే అనుకుంటారు. తమంచాల తారీఖ్ తిరగేస్తే జవాబు అంత సీదాగా లేదు.

చప్పిడి ముక్కు రివాల్వర్ పాతదే. 1872లో బర్మింగ్‌హామ్‌లోని వెబ్లీ కంపెనీ జేబులో పట్టే పొట్టి రివాల్వర్ చేసి దానికి బ్రిటిష్ బుల్‌డాగ్ అని పేరు పెట్టింది. అమెరికాలో 1927లో కోల్ట్ కంపెనీ డిటెక్టివ్ స్పెషల్, 1950లో స్మిత్ అండ్ వెసన్ చీఫ్స్ స్పెషల్ వచ్చాయి. గొట్టం పొట్టిదైతే దాచుకోవడం ఆసాన్, తీయడం ఆసాన్. కానీ గొట్టం మీద గురి చూసే రెండు గుర్తులూ దగ్గరపడి నిషానా తప్పుతుంది. తూటా వేగమూ తగ్గుతుంది.

తర్వాత వజన్ మీద పడ్డారు. 1950లలో అమెరికా వైమానిక దళం పైలట్ల కోసం తిరిగే సిలిండర్‌తో సహా అల్యూమినియంతో రివాల్వర్లు చేయించింది. తూటా పేలేటప్పుడు దబావ్ అంతా మోయాల్సింది ఆ సిలిండరే. మోయలేకపోయింది. చాలావరకు వెనక్కి తీసుకుని తుక్కు చేశారు. ఆ ముష్కిల్‌ని టైటానియం తీర్చింది. ఫౌలాద్ కంటే నూటికి నలభై పాళ్లు తేలిక, గట్టిదనంలో తీసిపోదు, చెమటకు తుప్పు పట్టదు. మన పేట ఎండల్లో మిర్చి కోసినవాళ్లకు ఈ చివరి ఫాయిదా ఏమిటో నేను చెప్పక్కర్లేదు. పైగా మనకు కొత్త లోహమేమీ కాదు. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని మిధాని కార్ఖానాలో టైటానియం మిశ్రలోహాలు తయారవుతాయి. కాకపోతే దాన్ని కోయడం, చెక్కడం కష్టం. కీమత్ పెరిగేది అక్కడే.

అసలు సంగతి తన్నులో ఉంది. తూటా ముందుకు పోతే తుపాకీ వెనక్కి తంతుంది. అదే తూటాకు తుపాకీ ఎంత తేలికైతే తన్ను అంత గట్టిది. అమెరికావాళ్లు సుమారు 340 గ్రాముల రివాల్వర్‌లో .357 మాగ్నం తూటాలు పెట్టారు. పేలిస్తే కండ తిరిగిన మగాళ్ల అరచేతులే మండుతాయి. ఆ కుదుపుకి సిలిండర్‌లో మిగిలిన తూటాల సీసం ముందుకు జారి, సిలిండర్ తిరగకుండా ఇరుక్కుపోయే ఖతరా కూడా ఉంది. గురి కుదరాలంటే మష్క్ చేయాలి. చేతికి నొప్పి పుట్టే దానితో ఎవరు మష్క్ చేస్తారు? పర్సులో మోసేటప్పుడు హాయిగా ఉన్న తేలికే, పేల్చేటప్పుడు ఆడమనిషికి శత్రువవుతుంది. అమ్మేవాళ్లు ఈ రెండో సగం చెప్పరు.

నిర్భీక్‌కి ఇందులో కొంత రియాయత్ ఇవ్వాలి. .32 తూటా మెత్తనిది, కాబట్టి తన్ను భరించవచ్చు. అయితే అది ఆడవాళ్ల మీద రహమ్‌తో ఎంచుకున్న తూటా కాదు. ఫౌజు వాడే తూటాల సైజులు మామూలు జనానికి నిషేధం. సర్కారీ కార్ఖానాలు పౌరులకు అమ్మే రివాల్వర్లు .32కి వచ్చి ఆగింది అందుకే. పాత కథ ఇది. 1878 ఆయుధాల చట్టం హిందుస్తానీలకు లైసెన్సు తప్పనిసరి చేసి, గోరాలకు మినహాయింపు ఇచ్చింది. అప్పట్లో జగ్గయ్యపేట సరిహద్దు ఊరు. ఇటు అంగ్రేజీ చట్టం, పాలేరు దాటితే నిజాం రియాసత్. 1948 సెప్టెంబర్ 13న ఫౌజు బెజవాడ నుంచి ఈ రోడ్డు మీదే కోదాడకు పోయింది. ఆ రోజుల సంగతి ఇంకోసారి.

ఇప్పుడున్నది 1959 చట్టం. దరఖాస్తు పెట్టాలి, ప్రాణానికి ముప్పు ఉందని నమ్మించాలి, పోలీసులు విచారించాలి. 2016 నియమాల ప్రకారం శిక్షణ కూడా కావాలి. 2014లో ఆ 1,22,360 రూపాయలకు నందిగామ పల్లెల్లో రెండు పాడిగేదెలు వచ్చేవి. మిర్చి కోతకు పోయే ఆడమనిషికి, బస్టాండులో రాత్రి నిలబడే పిల్లకి ఇది దక్కేదేనా? మణిపూర్‌లో తుపాకుల వల్ల భర్తల్ని పోగొట్టుకున్న ఆడవాళ్లతో పనిచేసే బీనాలక్ష్మి నేప్రం అప్పుడే అభ్యంతరం చెప్పారు. ఆడవాళ్లకు తుపాకీ చూపించడమంటే హిఫాజత్ చేయలేకపోయామని సర్కారు తానే ఒప్పుకోవడం అన్నారామె. ఆ తర్వాత ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ ఇంకా తేలికైనది చేసింది. .22 కాలిబర్, 250 గ్రాములు. దాని పేరు నిడర్.