రెండుసార్లు కొన్న వంటిల్లు

సెప్టెంబరు మొదటి వారంలో వచ్చిన ఆ సర్టిఫైడ్ కవరును సంతకం పెట్టి తీసుకున్నది మామగారు. తెనాలి నుంచి కూతురింటికి వచ్చి అప్పటికి పదిరోజులైనా కాలేదు. పంచాయతీరాజ్ శాఖలో ఏఈగా చేరి డీఈగా రిటైరైన మనిషి. వచ్చిన కాగితాన్ని చదవకుండా పక్కన పెట్టడం ఆయనకు చేతకాదు. విప్పి చదివారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివారు.

"అమ్మాయ్, ఒకసారి ఇలా రా. మీ ఇంటి మీద ఎవరో 17,800 డాలర్లకి క్లెయిము రాయించారు."

"ఇంటి మీదా? లోను కడుతూనే ఉన్నాంగా నాన్నా."

"బ్యాంకు కాదే. క్యాబినెట్లమ్మినవాళ్ళట."

కూతురు కొత్త వంటింట్లోనే నిలబడి ఉంది. ఆ క్యాబినెట్లు ఆమె చుట్టూతానే ఉన్నాయి. వాటికి జూన్‌లోనే మొత్తం డబ్బు ఇచ్చేశామన్నది ఆమె లెక్క. అది నిజం కూడా. కాకపోతే ఇచ్చింది కాంట్రాక్టరుకి.

ఈ గాథలో మనుషులకు పేర్లు లేవు. ఒకే ఇంట్లో ఇదంతా ఇలాగే జరిగిందని చెప్పడమూ లేదు. కాలిఫోర్నియాలో ఇల్లు బాగుచేయించుకునేవాళ్ళకు ఈ ఆపద ఎలా వచ్చిపడుతుందో ఒక కుటుంబంలో పెట్టి చూపిస్తున్నాం. చట్టం, గడువులు, పరిమితులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

ఊరు ఫ్రీమాంట్. 1956లో ఐదు చిన్న ఊళ్ళు కలిసి నగరమైంది. ఆ తర్వాతి పదిపదిహేనేళ్ళలో కట్టిన ఒంటి అంతస్తు ఇళ్ళు ఇప్పటికీ వీధులకు వీధులున్నాయి. వాటిలో వంటిల్లు ఓ మూలన, గోడ చాటున ఉంటుంది. తిరగమాత పెడితే చాలు, పొగ అలారం కూస్తుంది. ఈ దంపతులు కొన్నదీ అలాంటి ఇల్లే. గోడ తీయించి, గట్టి చిమ్నీ పెట్టించి, క్వార్ట్జ్ గట్టు వేయించి, క్యాబినెట్లు మార్పించాలనుకున్నారు. ఒప్పందం 86,000 డాలర్లకు కుదిరింది. కాంట్రాక్టరుకి లైసెన్సు ఉందో లేదో రాష్ట్ర లైసెన్సు బోర్డు సైట్లో అల్లుడు సరిచూసుకున్నాడు కూడా. లైసెన్సు నిఖార్సైనదే. పనీ బాగానే చేశాడు.

సాయంత్రం అల్లుడు వచ్చేసరికి మామగారు కొత్త గట్టు మీద కాగితాలు పరిచి కూర్చున్నారు. సొరుగుల్లో దొరికిన ప్రతి కవరునూ తేదీలవారీగా పేర్చారు, ఆడిట్‌కి ఫైలు సిద్ధం చేసినట్టే. మార్చిలో వచ్చిన ఓ కవరు చింపనైనా చింపలేదు. అది ఇదే క్యాబినెట్ల కంపెనీ నుంచి వచ్చింది. వాళ్ళిచ్చిన నోటీసు వాళ్ళమ్మిన సొరుగులోనే ఆరు నెలలు పడుంది.

"ఇదేంటి బాబూ?"

"ప్రచారం కాగితమనుకున్నాను మామయ్యగారూ. రోజూ ఓ గుప్పెడు వస్తాయిగా."

అది ప్రిలిమినరీ నోటీసు. అక్కడ ఇంటి యజమానితో నేరుగా ఒప్పందం లేని సబ్‌కాంట్రాక్టరు గానీ, సామాను సరఫరాదారు గానీ పని మొదలెట్టిన లేదా సరుకు దింపిన 20 రోజుల్లోగా యజమానికి దీన్ని పంపాలి. 'మీ ఇంటికి మేము సరుకిస్తున్నాం, గుర్తుంచుకోండి' అని దాని అర్థం. అందులోనే ఇంకో హెచ్చరిక ఉంటుంది: కాంట్రాక్టరుకి మీరు పూర్తిగా చెల్లించినా సరే, మాకు డబ్బు అందకపోతే మీ ఇంటి మీద లీన్ పడవచ్చు. ఇంత సూటిగా హెచ్చరించే కాగితం చట్టపరమైన కాగితాల్లో అరుదు. అంత అరుదైనదాన్నే జనం విప్పకుండా పక్కన పడేస్తారు.

లీన్ అంటే ఏమిటో మామగారికి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేకపోయింది. మన దగ్గర ఈసీ తీస్తే తనఖాలు బయటపడతాయే, అలాగే అక్కడ కౌంటీ రికార్డుల్లో ఇంటి మీద ఈ బాకీ కనిపిస్తుంది. అది ఉండగా ఇల్లు అమ్మాలన్నా, లోను మార్చుకోవాలన్నా చిక్కే. అసలు భయం వేరే ఉంది. లీన్ రాయించినవాళ్ళు కోర్టుకెళ్ళి ఇంటిని వేలం వేయించి బాకీ రాబట్టుకోమనే తీర్పు తెచ్చుకోవచ్చు.

మామగారికి మింగుడుపడనిది ఒక్కటే. "మేస్త్రికి మనం ఇచ్చేశాక సిమెంటు కొట్టువాడు మేస్త్రిని పట్టుకోవాలి గానీ మన గుమ్మం ఎక్కుతాడేంటయ్యా?"

తెలుగు నేల మీద ఇల్లు కట్టించిన ఎవరైనా అడిగే ప్రశ్నే. మన చట్టంలో సరుకిచ్చినవాడికి ఇంటి మీద ఇలాంటి హక్కు లేదు. మేస్త్రి అడ్వాన్సు తీసుకుని ఫోను ఎత్తకపోవడం మనకున్న బాధ. ఇనుము కొట్టువాడు మన ఇంటిని రిజిస్ట్రారు ఆఫీసులో ఇరికించడమన్నది మనమెరగం.

అమెరికాలో ఇది రెండు శతాబ్దాల నాటి మాట. పొటోమాక్ ఒడ్డున కొత్త రాజధాని కట్టాలని పూనుకున్నప్పుడు కట్టేవాళ్ళకు డబ్బు వస్తుందన్న భరోసా కావలసివచ్చింది. థామస్ జెఫర్సన్, జేమ్స్ మాడిసన్ దన్నుగా నిలిచారు. 1791లో మేరీలాండ్ శాసనసభ పనివాళ్ళకు తాము కట్టిన భవనం మీదే హక్కునిచ్చింది. కాలిఫోర్నియా 1850లో, అంటే రాష్ట్రమైన ఏడాదే, అలాంటి చట్టం చేసింది. 1879లో దాన్ని ఏకంగా రాజ్యాంగంలోకి ఎక్కించింది. కాబట్టి ఇంటి యజమాని 'ఇదేం న్యాయం' అని కోర్టులో వాదించినా అట్టే లాభం ఉండదు. గోడ కట్టినవాడి చెమట గోడలోనే ఉంది, విప్పి వెనక్కి తీసుకుపోలేడు. అందుకే గోడ మీద హక్కు. ఈ తర్కాన్ని తప్పుపట్టలేం. యజమానికి ఎటొచ్చీ కష్టమే అన్నది వేరే సంగతి.

ఆ రాత్రి మామగారు చెల్లింపుల లెక్క తీశారు.

"ఒప్పందం రోజున 8,600. ఎందుకిచ్చావు?"

"పది శాతం అడ్వాన్సు. అందరూ అంతే అడుగుతారండీ."

అందరూ అడుగుతారు గానీ అది చట్టవిరుద్ధం. కాలిఫోర్నియాలో ఇంటి మరమ్మతు పనికి ముందస్తుగా తీసుకోగలిగింది ఒప్పందం మొత్తంలో పది శాతం లేదా 1,000 డాలర్లు, ఏది తక్కువైతే అది. అంటే ఈ ఇంటికి వెయ్యే.

"తర్వాత 22,000. దీని పక్కన 'క్యాబినెట్లు ఆర్డరుకి' అని రాసుకున్నావు. అప్పటికి క్యాబినెట్లు దిగాయా?"

"లేదు. డబ్బు కడితేగానీ ఆర్డరు తీసుకోరన్నాడు."

అదీ కుదరదు. జరిగిన పనికి, దింపిన సరుకుకి మించి ఏ దశలోనూ డబ్బు అడగకూడదు. కంపెనీవాళ్ళు నిజానికి అరువు మీదే సరుకు దింపారు. ఆ 22,000 ఎటు పోయిందో తర్వాత తెలిసింది. అంతకుముందు వేరే ఊళ్ళో చేసిన ఇంటి పనిలో టైల్స్ దుకాణానికి, ప్లంబరుకి ఉన్న పాత బాకీలకు వెళ్ళింది. ఒకరి టోపీ ఇంకొకరికి పెట్టుకుంటూ బతికే కాంట్రాక్టర్లు అన్ని దేశాల్లోనూ ఉంటారు. ఇతను దొంగ అనడం కంటే మునిగిపోతున్నవాడు అనడం సబబు. మునిగేవాడు ఎవరిని పట్టుకున్నాడన్నదే ప్రశ్న.

ఆపై 20,400, 20,000. జూన్ 14న పని పూర్తయింది. ఆ రోజే చివరి 15,000 చెక్కు చేతిలో పెట్టారు. "అందరికీ సెటిల్ చేసేశాను" అన్నాడట కాంట్రాక్టరు.

"నోటిమాటేనా? రాతకోతలేం లేవా?"

అల్లుడు జవాబు చెప్పలేదు.

"మా దగ్గర కొలత ఎం-బుక్కులో ఎక్కనిదే బిల్లు కదిలేది కాదయ్యా. చివర కొంత పట్టి ఉంచితేగానీ కాంట్రాక్టరు మాట వినేవాడు కాదు."

కాంట్రాక్టరుకి ఫోను చేస్తే 'వచ్చే శుక్రవారం' అన్నాడు. ఆ శుక్రవారం దాటాక ఫోను నేరుగా వాయిస్‌మెయిల్‌కి పోవడం మొదలైంది. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉండే స్నేహితుడు విని ఆశ్చర్యపోయాడు. అక్కడి కథ కొంత వేరు. సొంతంగా ఉంటున్న ఇంటి మీద లీన్ నిలవాలంటే పని మొదలుకాకముందే రాతపూర్వక ఒప్పందం ఉండాలి, భార్యాభర్తలిద్దరూ సంతకం పెట్టాలి, దాన్ని కౌంటీలో నమోదు చేయాలి. పైగా పనంతా అయ్యాక 30 రోజుల దాకా పది శాతం చేతిలో ఉంచుకోమని అక్కడి చట్టమే యజమానికి చెబుతుంది. ఒక రాష్ట్రం అనుభవం ఇంకో రాష్ట్రంలో పనికిరాదు. ఉద్యోగాలు మారి ఊళ్ళు మారే మనవాళ్ళు ముఖ్యంగా బోల్తాపడేది ఇక్కడే.

చివరికి ఓ లాయరు దగ్గరికి వెళ్ళారు. ఆమె తేదీలు తిప్పి తిప్పి చూసింది. కాంట్రాక్టరు కింద పనిచేసినవాళ్ళు పని పూర్తయిన 90 రోజుల్లో లీన్ రాయించాలి. ఇది 81వ రోజున, సెప్టెంబరు 3న నమోదైంది. రాయించాక మళ్ళీ 90 రోజుల్లో కోర్టులో దావా వేయకపోతే లీన్ చెల్లదు. వాళ్ళు వేసేటట్టే ఉన్నారు. నోటీసు సకాలంలో పంపారా? పంపారు, కవరు మీద ముద్ర సాక్ష్యం. లీన్ మొత్తానికి 125 శాతం బాండు, అంటే 22,250 డాలర్లకు పెడితే ఇంటి మీద నుంచి తొలగించవచ్చు గానీ బాకీ మాత్రం బాండు మీద అలాగే ఉంటుంది.

ఆమె చెప్పిన ఇంకో సంగతి విని మామగారు చాలాసేపు మాట్లాడలేదు. పని పూర్తయిన 15 రోజుల్లోగా ఓక్లాండ్‌లోని అలమీడా కౌంటీ రికార్డరు ఆఫీసులో 'నోటీస్ ఆఫ్ కంప్లీషన్' నమోదు చేసి ఉంటే సబ్‌కాంట్రాక్టర్ల, సరఫరాదారుల గడువు 90 నుంచి 30 రోజులకు తగ్గేది. అంతదాకా చివరి 15,000 పట్టి ఉంచి ఉంటే, లీన్ వచ్చినా దాదాపు ఆ డబ్బుతోనే తీరిపోయేది. లేదా చెక్కుని కాంట్రాక్టరు పేరు, క్యాబినెట్ల కంపెనీ పేరు కలిపి రాసి ఉంటే ఇద్దరి సంతకాలు లేకుండా మారేదే కాదు.

అక్టోబరులో కూతురు, తండ్రి కలిసి కంపెనీ ఆఫీసుకి వెళ్ళారు. గిడ్డంగి పక్కన చిన్న గది. యజమానురాలు దబాయించలేదు, జాలీ చూపలేదు. "మీరు మంచివాళ్ళే. ఆ చెక్కపనికి నేను కూలీ ఇచ్చాను. నాకెవరిస్తారు?" అంది. కూతురు కోపంగా వెళ్ళి, కోపం ఎవరి మీద చూపాలో తెలియక తిరిగొచ్చింది. చివరికి 15,500కి రాజీ కుదిరింది. రెండు విడతలు కట్టారు, రెండో విడత అందగానే లీన్ విడుదల పత్రం రికార్డయింది. వంటిల్లు 1,01,500 అయింది.

కాంట్రాక్టరు మీద లైసెన్సు బోర్డుకి ఫిర్యాదు పెట్టారు. అతని లైసెన్సు బాండు మీదా క్లెయిము వేశారు. ఆ బాండు 25,000 డాలర్లు. వినడానికి పెద్ద మొత్తమే, కానీ అతను ముంచినవాళ్ళంతా పంచుకోవలసింది అదొక్కటే. ఎంత వస్తుందో, ఎప్పుడొస్తుందో తేలలేదు.

అదే నెలలో ఓ ఆదివారం ఎలక్ట్రీషియన్ తలుపు తట్టాడు. అతనికి 3,100 రావాలి. కాంట్రాక్టరు దొరకడం లేదు. అల్లుడు కాగితాలన్నీ వెతికాడు. ఇతని దగ్గర్నుంచి ప్రిలిమినరీ నోటీసు రానే లేదు. సబ్‌కాంట్రాక్టరు నోటీసు పంపకపోతే లీన్ హక్కు ఉండదు. రోజుకూలీలకు ఆ షరతు లేదు గానీ ఇతను సొంత లైసెన్సుతో పనిచేసే మనిషి.

"ఇవ్వక్కర్లేదు, హక్కు లేదు" అన్నాడు అల్లుడు.

"పాత వైరింగంతా తీసి అటకలో పాకింది ఇతనేగా. కాగితం పంపినవాళ్ళకిచ్చి, పాకినవాడికి ఎగ్గొడదామా?" అంది భార్య.

వారం రోజులు ఇంట్లో ఇదే వాదన. మామగారు ఏ పక్షమూ తీసుకోలేదు, అది వాళ్ళ డబ్బు. చివరికి 1,500 ఇచ్చారు. అది ధర్మమా, మొహమాటమా అంటే ఈ వ్యాసకర్త దగ్గర జవాబు లేదు. చట్టం చెమటను కాపాడుతుందనడం పూర్తి నిజం కాదని, చెమటతోపాటు పోస్టు రసీదు కూడా ఉన్నవాడినే కాపాడుతుందని మాత్రం ఆ ఇంట్లో తేటతెల్లమైంది.

జనవరిలో స్నానాలగది పని మొదలెట్టారు. మామగారి తిరుగు ప్రయాణానికి ఇంకా నెల ఉంది. కొత్త కాంట్రాక్టరు కూర్చోగానే ఆయన నోటుబుక్కు తెరిచి, అల్లుడి చేత ఒక్కొక్కటే అడిగించారు. ఎవరెవరు పనిచేస్తారు, సరుకు ఏ దుకాణం నుంచి, వాళ్ళ ఫోను నంబర్లేమిటి. ప్రతి విడత చెక్కు ఇచ్చేముందు నోటీసు పంపిన ప్రతివాళ్ళ నుంచీ 'ఈ చెక్కు పాసైతే ఇంతవరకు నా హక్కు వదులుకుంటాను' అనే కండిషనల్ వేవర్ కావాలి. చెక్కు పాసయ్యాక షరతు లేని వేవర్ కావాలి. విడత చెల్లింపుకి రెండు, చివరి చెల్లింపుకి రెండు, మొత్తం నాలుగు ఫారాలు. వాటి మాటలు కూడా చట్టమే రాసిపెట్టింది.

ఇంత అడిగితే పని వదులుకుని లేచిపోతాడేమోనని అల్లుడికి లోపల భయంగానే ఉంది. కాంట్రాక్టరు సంచిలోంచి ఫైలు తీశాడు. నాలుగు ఫారాలూ అచ్చువేసి, ఇంటి చిరునామా నింపి సిద్ధంగా ఉన్నాయి.

"ఎప్పుడూ నా దగ్గరే ఉంటాయండీ ఇవి. అడిగేవాళ్ళు తక్కువ" అన్నాడు.

అల్లుడు వెయ్యి డాలర్లకు చెక్కు రాశాడు. మిగతాది పని జరిగాక అన్నాడు. అతను సరేనన్నాడు.